మాట్లాడకపోతే బతికున్నట్టే

కోడిపిల్లల హేచరీ మొత్తానికి చీకటి గది ఒక్కటే ఉంది. అది లైటత్తది. దానికి కిటికీ లేదు. తలుపుకు లోపలివైపు నల్లటి దుప్పటి వేలాడుతుంటుంది. మధ్యలో ఒక ఇనుప బల్ల, బల్లకు గుండ్రటి కన్నం, ఆ కన్నం కింద బల్బు. పొదిగే మిషన్లలోంచి వచ్చిన గుడ్లను ఒక్కొక్కటే ఆ కన్నం మీద నిలబెట్టి, లోపల ప్రాణం ఉందో లేదో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ గదిలోనే ఆమె జుట్టు నెరిసింది. మొగుడు పోయిన దుఃఖాన్ని ఆ చీకట్లోనే దిగమింగింది. ఆ జీతంతోనే ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. ఆమె అసలు పేరు ఏమిటో హేచరీలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు.

నోరు మంచిది కాదని ఆమెకు పేరు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ పేరు ఊరికే రాలేదు. ట్రే కాస్త వంకరగా పెడితే చాలు, పెట్టినవాడి ఏడు తరాలనూ వరసగా పలకరించి వస్తుంది. కానీ నల్ల దుప్పటి దాటి లోపలికి అడుగుపెట్టిందంటే ఆ నోటికి తాళం పడుతుంది. ఎందుకంటే ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఆమెకు పని నేర్పిన ముసలాయన దగ్గర నుంచి వచ్చిన పద్ధతి అది. గుడ్డులో ప్రాణం లేకపోతే "తీసెయ్" అనాలి. పక్కన నిలబడ్డ మనిషి దాన్ని తీసి బుట్టలో వేస్తాడు. ప్రాణం ఉంటే ఏమీ అనకూడదు. ఎక్కువ గుడ్లు బాగుండేవే కదా, ప్రతిదానికీ "ఉంది, ఉంది" అంటూ కూర్చుంటే పని తెమిలేదెప్పుడు? అందుకని ఆ గదిలో మాట వినబడిందంటే ఒక ప్రాణం లేనట్టు, మాట లేదంటే ఉన్నట్టు.

మనలో మాట, ఆమె మాట్లాడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాట రాదు. మిషన్‌లో పెట్టిన వారం తిరక్కముందే గుడ్డును దీపానికి పెట్టి చూస్తే లోపలంతా ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎరుపులో దారప్పోగుల్లాంటి నరాలు, వాటి నడుమ ఆవగింజంత చుక్క. ఊపిరి బిగబట్టి చూస్తే ఆ చుక్క కొట్టుకుంటూ కనిపిస్తుంది. మొన్నటిదాకా పగలగొడితే గిన్నెలోకి జారిపోయే సొన అది. ఇవాళ దానికి గుండె వచ్చింది. ఎవరొచ్చి పెట్టారు? ఏ దారిన వచ్చారు? మిషన్‌లో వేడీ తేమా తప్ప ఇంకేమీ లేదే! ఇన్నేళ్ళుగా చూస్తున్నా లైటత్తకు ఆ సంగతి అంతు చిక్కలేదు, విసుగూ పుట్టలేదు. ఇంటికి వెళ్ళి పడుకున్నాక కూడా కళ్ళు మూసుకుంటే ఆ ఎరుపే కనిపించేది.

అయితే గది పద్ధతి గదిలో ఉండకుండా ఆమెతో పాటు ఇంటికి కూడా వచ్చేసింది. వంటలో ఉప్పు ఎక్కువైతే ఇల్లు అదిరిపోయేలా చెబుతుంది. బాగా కుదిరితే గిన్నె ఖాళీ చేసి లేచిపోతుంది. కూతురు చిన్నప్పుడు బడిలో బహుమతి తెచ్చుకుంటే దాన్ని తీసి మేకుకు తగిలించింది తప్ప మెచ్చుకోలుగా ఒక్క ముక్క అనలేదు. పిల్ల మూతి ముడుచుకుని రెండు రోజులు అలిగింది. అప్పుడు కూతుర్ని వెంటబెట్టుకుని చీకటి గదికి తీసుకెళ్ళింది. గుడ్డు పెట్టి గుండె చూపించింది. "ఇలాంటిది చూసినప్పుడు ఇక్కడ ఎవరూ మాట్లాడరు" అంది. పిల్లకు ఏం అర్థమైందో గానీ, ఆ తర్వాత ఎప్పుడూ అలగలేదు.

ఆ పిల్లే పెద్దదై కిటికీలకు అద్దాలు బిగించే అతన్ని చేసుకుంది. అల్లుడు నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. అతని వేళ్ళ నిండా పాత గాట్లే, ఒక్క గాటు గురించీ ఎప్పుడూ గొణిగింది లేదు. ఇద్దరికీ దేనికీ లోటు లేదు, పిల్లలు తప్ప. ఏళ్ళు గడిచాయి. సంతానం ఆస్పత్రికి వెళ్ళారు. సూదులు, మాత్రలు, పరీక్షలు అన్నీ అయ్యాయి. ఆస్పత్రివాళ్ళు గాజు గిన్నెలో పిండాలు తయారుచేసి, రెండుసార్లు ఒక్కొక్కటి చొప్పున గర్భంలో పెట్టారు. రెండుసార్లూ నిలవలేదు. రెండోసారి కబురు తెలిసిన రోజు కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. లైటత్త మంచం అంచున కూర్చుని వీపు నిమిరింది. ఎవరెవరి గుడ్లలోనో ప్రాణం ఉందో లేదో చూసి చెప్పే మనిషి, సొంత కూతురి కడుపు గురించి ఏమీ చెప్పలేక అలా కూర్చుండిపోయింది.

ఇంకా రెండు పిండాలు మిగిలాయి. ఆస్పత్రిలో మంచుకంటే చల్లటి డబ్బాలో దాచి ఉంచారు. ఈసారి ఏం చేయాలో మాట్లాడడానికి వెళ్ళినప్పుడు లైటత్త కూడా వెంట వెళ్ళింది. డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. రెండూ ఒకేసారి పెడితే నిలిచే అవకాశం కాస్త పెరుగుతుందనీ, కానీ కవలలు పుట్టే అవకాశం చాలా ఎక్కువగా పెరుగుతుందనీ చెప్పింది. కవలలైతే నెలలు నిండకముందే పుట్టడం, బరువు తక్కువగా ఉండడం, తల్లికి రక్తపోటు పెరగడం, ఇవన్నీ ఒక బిడ్డకంటే ఎన్నో రెట్లు ఎక్కువట. "కవలలంటే రెండింతల అదృష్టం అనుకుంటారు అందరూ. మాకు మాత్రం రెండింతల భయమమ్మా. ఒకటి పెడదాం, రెండోది దాచి ఉంచుదాం" అంది. ఆలోచించుకుని రమ్మని పంపింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పారో లేదో, లైటత్త మొదలుపెట్టింది. హేచరీలో ఇంకో లెక్క ఉంది. వంద పిల్లలు కావాలన్నవాడి కోసం వంద గుడ్లే పెట్టేవాడు వెర్రివాడు. కొన్ని ఖాళీవి ఉంటాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి, అందుకని ఎప్పుడూ కాస్త పైనే పెట్టాలి. ట్రేలో ఖాళీ గుంట కనిపిస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. అదే లెక్క ఇక్కడా వేసింది. ఇప్పటికే రెండు పోయాయి, ఇప్పుడు ఒక్కటి పెట్టి నోట్లో వేలేసుకుని చూస్తూ కూర్చుంటారా? "ఆవిడకేం, ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంది. గోడవైపు తిరిగి పడుకునేది నువ్వు. రెండూ పెట్టించుకో" అంది. కూతురు తల ఊపింది. అల్లుడు మంచినీళ్ళ గ్లాసు కడగడానికి లేచి వెళ్ళాడు. లైటత్త ఒకసారి మాట అన్నదంటే ఎదురు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

పిండం పెట్టే రోజున హేచరీలో పెద్ద పని పడింది. లైటత్త వెళ్ళలేకపోయింది. మధ్యాహ్నం ఫోన్ చేసి, అంతా బాగా జరిగిందా, రెండూ పెట్టారా అని అడిగింది. "ఆఁ అమ్మా" అంది కూతురు.

కొన్నాళ్ళకు స్కాన్. ఆ గది కూడా చీకటిగానే ఉంది. కర్టెన్ వేసి ఉంది, ఒక్క తెర మాత్రం బూడిదరంగులో వెలుగుతోంది. లైటత్తకు అడుగు పెట్టగానే సొంతింటికి వచ్చినట్టు అనిపించింది. కూతురు బల్ల మీద పడుకుంది. డాక్టరమ్మ పరికరం ఆనించి తెరవైపు చూస్తోంది. ఎంతసేపటికీ ఏమీ అనదు. కూతురి ముఖం పాలిపోయింది. పోయిన రెండుసార్లూ ఇలాగే మొదలైంది కాబోలు, గట్టిగా కళ్ళు మూసుకుంది. లైటత్త మాత్రం ఆ నిశ్శబ్దంలో ఒక్కసారిగా తేలికపడింది. చీకటి గదిలో చూసే మనిషి మాట్లాడలేదంటే దాని అర్థం ఏమిటో ఆమెకు తెలియదా! కూతురి చెయ్యి పట్టుకుని నొక్కింది.

"చూడండి" అంది డాక్టరమ్మ, తెర ఇటు తిప్పి. బూడిదరంగు మధ్య నల్లటి సంచి ఒకటి. అందులో బియ్యపు గింజంత తెల్లటి మెరుపు. అది టపటపా కొట్టుకుంటోంది. లైటత్త నోరు తెరుచుకుని ఉండిపోయింది. లక్షల గుండెలు చూసిన కళ్ళు అవి, అయినా ఇలాంటిది చూడలేదు. గుడ్డు పెంకు లేదు, దీపం లేదు, తన పిల్ల కడుపు లోపల, తను కని పెంచిన ఒంటి లోపల, ఇంకో గుండె. అంతలో డాక్టరమ్మ చెయ్యి కాస్త పక్కకు జరిపింది. అదే సంచిలో, మొదటి దాని పక్కనే, ఇంకో మెరుపు.

అల్లుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. కూతురు నవ్వుతోంది, కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. డాక్టరమ్మ వాళ్ళను కాసేపు అలా వదిలేసి, తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఇద్దరు బిడ్డలు ఉన్నారనీ, అందులోనూ ఒకే మాయను పంచుకుంటున్నారనీ, అలాంటప్పుడు ఒకరికి రక్తం ఎక్కువ, ఒకరికి తక్కువ అందే ప్రమాదం కూడా ఉంటుందనీ, ఇక నుంచి తరచుగా స్కాన్లకు రావాలనీ చెప్పింది. "ఇలా జరగకూడదనే కదా అంత ఆలోచించాం" అని తనలో తను అనుకున్నట్టు అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఎవరివైపూ చూడలేదు. కానీ లైటత్తకు అది సూటిగా తనకే తగిలింది.

ఎందుకంటే ఆమె కళ్ళ ముందు అప్పటికే ఇంకో గుడ్డు ఉంది. పనిలో చేరిన కొత్తలో సంగతి. రెండు సొనల గుడ్లు మామూలు వాటికంటే పెద్దగా ఉంటాయి. వాటిని మిషన్‌లో పెట్టరు, ముందే తీసేస్తారు. ఎందుకు పెట్టరని అడిగితే ముసలాయన చెప్పలేదు. ఆమెకు కుతూహలం ఆగలేదు. ఒకదాన్ని ఎవరికీ చెప్పకుండా ట్రే మూలన పెట్టింది. వారం తిరిగేసరికి ఒకే పెంకులో రెండు గుండెలు! ఆ ఆనందం ఇంతా అంతా కాదు. కళ్ళలో ఒత్తులు వేసుకుని రోజూ చూసింది. పిల్లలన్నీ పెంకు పగలగొట్టుకుని వచ్చే రోజున ఆ గుడ్డు మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి తనే విప్పి చూసింది. రెండూ పూర్తిగా పెరిగాయి. ముక్కులు, గోళ్ళు, తడిసిన ఈకలు, అన్నీ ఉన్నాయి. తిరగడానికి చోటు లేక, గాలి అందే చోటికి ఒక్కదాని ముక్కూ చేరలేదు. ఆ రోజు "తీసెయ్" అనడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

ఇప్పుడు తెర మీద చూసిందీ అదే. ఒకే సంచి, రెండు గుండెలు. పెట్టించుకోమన్నది ఎవరు? తను. ట్రే లెక్క తెచ్చి కన్నకూతురి కడుపు మీద పెట్టిన మహాతల్లి ఎవరు? తనే. అయినా పైకి ఒక్క మాట అనలేదు. కూతురు అంత సంతోషంగా ఉంటే, పనిగట్టుకుని దాని గుండెల్లో బండ పెట్టడమెందుకు?

మిషన్లు చూసుకునే పెద్దాయన ఒకడున్నాడు, అందరికీ మిషనాయన. చీకటి గదిలో లైటత్త పక్కన నిలబడి చెడ్డ గుడ్లు తీసేది అతనే. కవలల సంగతి తెలిసి సంబరపడిపోయాడు. అత్తా, ఇంట్లో కూడా లెక్కకు పైనే పెట్టించావా అని ఆటపట్టించాడు. మామూలు రోజుల్లో అయితే దానికి తగిన జవాబు క్షణంలో వచ్చేది. ఆ రోజు రాలేదు. అంతేకాదు, రెండు సొనల గుడ్డు ఒకటి పొరపాటున ట్రేలో వచ్చింది. దాన్ని దీపం మీద పెట్టి అలా చూస్తూనే ఉంది. "తీసెయ్" అనలేదు. మిషనాయన కాసేపు ఆగి, తనే మెల్లగా చెయ్యి చాచి తీశాడు. ఆ తర్వాత ఆమెతో వేళాకోళం ఆడడం మానేశాడు.

నెలలు గడుస్తున్నాయి. స్కాన్ అన్నప్పుడల్లా లైటత్త సెలవు పెట్టి వెంట వెళ్ళేది. డాక్టరమ్మ నోరు విప్పితే ఉలిక్కిపడేది, విప్పకపోతే ఊపిరి పీల్చుకునేది. బిడ్డలకు వేళ్ళు వచ్చాయి. ఒకరోజు ఒకరి పాదం ఇంకొకరి చెంప మీద ఉంది. అల్లుడు అది చూసి, పుట్టకముందే తన్నుకోవడం మొదలుపెట్టారని నవ్వాడు. లైటత్త కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే, తిరగడానికి చోటు ఉందా అని డాక్టరమ్మను అడిగింది. ఎందుకు అడిగిందో ఎవరికీ అర్థం కాలేదు. రెండూ పెట్టించడం తన తప్పేనని ఒకసారి అల్లుడితో అనబోయింది. మొదటి ముక్క నోట్లోంచి రాగానే అతను ఫోన్ మోగిందంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఫోన్ మోగినట్టు ఆమెకు వినబడలేదు.

ఏడో నెల నిండుతుండగా కూతురి కాళ్ళు బాగా వాచాయి. తలనొప్పి అంది, కళ్ళ ముందు మెరుపులు అంది. రక్తపోటు ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆస్పత్రిలో చేర్చుకున్నారు. స్కాన్‌లో ఒక బిడ్డ సరిగా పెరగడం లేదని తేలింది. ఎనిమిదో నెల మొదట్లోనే ఒక పొద్దున డాక్టరమ్మ వచ్చి, ఇక ఆగడం తల్లికీ మంచిది కాదు, బిడ్డలకీ మంచిది కాదు, ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయాలి అంది. తీసేయాలి అన్న మాట వినగానే లైటత్త గోడ పట్టుకుంది.

ఆపరేషన్ గది బయట ఆమె కూర్చోలేదు. నిలబడే ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నుంచి మాటలు వినిపించేవి. ఎవరైనా మాట్లాడుతున్నారంటేనే ఆమెకు ప్రాణం పోయేది. చివరికి నర్సు బయటికి వచ్చి చాలానే చెప్పింది. ఇద్దరు ఆడపిల్లలు. ఏడిచారు. ఒకరు ఫరవాలేదు, ఇంకొకరు మరీ చిన్నగా ఉన్నారు. ఇద్దర్నీ ఇంక్యుబేటర్లలో పెట్టారు. తల్లికి రక్తపోటు ఇంకా దిగలేదు, రెండు మూడు రోజులు విడిగా ఉంచి చూడాలి. లైటత్త అన్నీ విన్నది. తలకెక్కింది మాత్రం "ఏడిచారు" అన్న ఒక్క మాటే.

ఇంక్యుబేటర్ అన్న మాట ఆమెకు కొత్త కాదు. వేడి ఎంతో, తేమ ఎంతో చూపించే అంకెలు, సన్నటి గుయ్యిమనే చప్పుడు, ఇవన్నీ బతుకంతా విన్నవే. అయితే ఇక్కడ గాజుపెట్టెలో ఉన్నది గుడ్డు కాదు, మనిషి. పెద్దదాన్ని చూసింది. పక్క పెట్టెలో చిన్నదాన్ని చూసింది. తన అరచెయ్యి చాపితే తల నుంచి నడుము దాకా అందులోనే సరిపోతుంది. చర్మం పల్చగా, లోపలి నరాలు కనిపించేలా ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ఆమెకు తెలిసిన ఎరుపే. దీపం కూడా అక్కర్లేకుండా, ఆ బుల్లి ఛాతీ కింద గుండె కొట్టుకోవడం కంటికి కనిపిస్తోంది.

హేచరీలో ఒక కట్టడి ఉంది. పెంకు పగలగొట్టుకునే పిల్లకు చెయ్యి సాయం చేయకూడదు. చేస్తే అది బతకదు. అందుకని నాలుగో రోజున నర్సు వచ్చి, "అమ్మమ్మగారూ, పైన తొడిగిన ఆస్పత్రి కోటు గుండీలు విప్పి ఈ కుర్చీలో కూర్చోండి" అన్నప్పుడు ఆమె బెదిరిపోయింది. అమ్మమ్మ అని ఆమెను పిలవడం అదే మొదలు. పిల్లల తల్లి ఇంకా లేవలేకపోతోంది కాబట్టి, తండ్రి ఒకరిని, అమ్మమ్మ ఒకరిని ఒంటికి ఒళ్ళు ఆనేలా గుండెల మీద పెట్టుకోవాలట. అలా పెట్టుకుంటే బిడ్డలు ఊపిరి బాగా తీసుకుంటారట, బరువు పెరుగుతారట. "మిషన్ ఉందిగా" అంది లైటత్త. మిషన్ వేడి ఇస్తుందనీ, గుండె చప్పుడు ఇవ్వలేదనీ చెప్పింది నర్సు.

చిన్నదాన్ని తెచ్చి ఆమె ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టారు. బరువే లేదు. పైన దుప్పటి కప్పారు. మొదట లైటత్త కొయ్యబారిపోయి కూర్చుంది, కదిలితే ఏమవుతుందో అని. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, తన గుండె చప్పుడు కింద ఇంకో చప్పుడు తెలిసింది. తనది ఒకసారి కొట్టుకునేలోపు దానిది రెండుసార్లు కొట్టుకుంటోంది. బతుకంతా కంటితో చూసిన దాన్ని మొదటిసారి ఒంటితో విన్నది. పక్క కుర్చీలో అల్లుడు గాట్లు పడ్డ వేళ్ళతో పెద్దదాన్ని పట్టుకుని, బొమ్మలా బిగుసుకుపోయి ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఏడుస్తారని ఇద్దరికీ తెలుసు.

ఎన్నాళ్ళు అలా కూర్చుందో ఆమె లెక్కపెట్టుకోలేదు. హేచరీ యజమాని సెలవు పొడిగించాడు. చీకటి గదిలో మిషనాయనే ఎలాగో నెట్టుకొస్తున్నాడు. కూతురి రక్తపోటు దిగింది. ఒకరోజు చిన్నది ట్యూబు లేకుండా పాలు మింగింది. ఆ సంగతి చెప్పడానికి నర్సు కాదు, సాక్షాత్తూ డాక్టరమ్మే వచ్చింది. గండం గడిచిందని మొదటిసారి ఆవిడ నోటి నుంచి విన్నారు. ఆ మధ్యాహ్నం కూతుర్ని వీల్‌చెయిర్‌లో పిల్లల గదికి తీసుకొచ్చి, ఇద్దర్నీ ఒకేసారి గుండెల మీద పెట్టారు. ఎవరు పెద్దదో ఎవరు చిన్నదో, బరువు తప్ప ముఖం చూసి చెప్పడానికి వీల్లేదు. ముక్కు అదే, నుదురు అదే, మూతి ముడుచుకోవడం కూడా అదే.

అక్కడే లైటత్త కట్ట తెగింది. ఇన్ని నెలలు పంటి బిగువున ఆపుకున్నదంతా బయటికి వచ్చేసింది. "నన్ను తిట్టు తల్లీ" అంది. "నా మాట విని ఉండకపోతే నీకీ గతి పట్టేది కాదు. చావు దాకా వెళ్ళొచ్చావు. ఈ పసిగుడ్డు ఎన్ని రోజులు కొట్టుమిట్టాడింది! రెండూ పెట్టించుకోమని నీ ప్రాణం మీదకు తెచ్చింది నేనే."

కూతురు పిల్లల మీది దుప్పటి సర్దింది. మొగుడివైపు చూసింది. అతను కిటికీవైపు చూశాడు.

"నీ మాట నేను వినలేదమ్మా" అంది.

"వినకపోవడమేంటి?"

"ఒక్కటే పెట్టించుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టే. నీ ఎదురుగా కాదనలేక తల ఊపాను. ఫోన్‌లో అడిగినప్పుడు కూడా ఆఁ అనేశాను. తర్వాత ఇద్దరని తెలిసింది కదా, నీ మాటే నెగ్గిందని సంతోషపడుతున్నావేమో అనుకున్నా. నువ్వు లోపల ఇలా కుమిలిపోతున్నావని నాకేం తెలుసు? నువ్వు ఏమీ అనలేదు కదా."

"మరి ఇద్దరెక్కడి నుంచి వచ్చారే?"

"ఆ ఒక్కటే ఇద్దరైంది. రెండోది ఇంకా ఆస్పత్రి డబ్బాలోనే ఉంది."

లైటత్త అల్లుడివైపు తిరిగింది. ఆ తిరగడంలో హేచరీ మొత్తం ఎరిగిన లైటత్త కనిపించింది. నీకూ తెలుసా అని అడిగింది. ఆ కిటికీ అద్దం కాస్త వదులైనట్టుందనీ, ఒకసారి చూసి వస్తాననీ అన్నాడతను. ఇన్ని నెలలూ నన్ను కుంపటి మీద కూర్చోబెట్టారా అని ఇద్దర్నీ కలిపి చడామడా దులిపింది. నర్సు వచ్చి, పసిపిల్లలున్న గది అమ్మమ్మగారూ అంటే గొంతు తగ్గించింది గానీ, దులపడం ఆపలేదు.

అంతలో డాక్టరమ్మ అటుగా వచ్చింది. లైటత్త దారికి అడ్డం నిలబడి, ఇది నిజమేనా అని అడిగింది. నిజమే అంది డాక్టరమ్మ. పెట్టింది ఒక్కటే. లోపలికి వెళ్ళాక, మొదటి రోజుల్లోనే ఎప్పుడో, అది రెండుగా విడిపోయింది. నూటికి ఒకరికో ఇద్దరికో అలా జరుగుతుంది. అందుకే ఇద్దరికీ ఒకే మాయ, ఒకే పోలిక. ఒక్కటి పెట్టినా కవలలు పుట్టరని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

"ఎందుకు విడిపోతుంది డాక్టరమ్మా?"

"పూర్తిగా మాకూ తెలియదమ్మా" అంది ఆవిడ. "తెర మీద అలా చూసినప్పుడు నాకు కూడా మాట రాదు."

లైటత్త ఇంకా దారి వదల్లేదు. రెండూ పెట్టి ఉంటే ఏమయ్యేదని మెల్లగా అడిగింది. రెండోది కూడా నిలిచి ఉంటే ముగ్గురయ్యేవాళ్ళు అంది డాక్టరమ్మ. ఇద్దరికే తల్లి ఇంత దూరం వెళ్ళొచ్చింది, ముగ్గురైతే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు అని, లైటత్త భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

లైటత్త వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. ఒకే పెంకులో రెండు సొనలు ఆమెకు తెలుసు. ఒక్క సొనే రెండు ప్రాణాలు కావడం తెలియదు. ఎవరూ చూడని చీకట్లో, ఏ దీపం వెలుగూ పడని చోట, ఆ ఒక్కటీ ఎలా అనుకుంది ఇద్దరం అవుదామని? ఎక్కడ గీత గీసుకుంది? ఏ సగం ఈ పిల్ల, ఏ సగం ఆ పిల్ల? ఇన్నేళ్ళు దీపం ముందు కూర్చుని తను చూసింది ఎంత! ఇంతేనా! తన లెక్క తప్పింది, డాక్టరమ్మ లెక్కకు కూడా అందలేదు. తల ఊపి, అమ్మ మాట వినకుండా తనకు నచ్చిన పని చేసుకుని, ఆ సంగతి తల్లి దగ్గర దాచుకున్న ఈ మొండి పిల్ల ఇవాళ ముగ్గురిగా తన ముందు కూర్చుని ఉంది.

కూతురు ఎదురుచూస్తోంది, ఇంకా ఎంత తిడుతుందో అని. తిట్లు రాలేదు. పిల్లలు తల్లి ఛాతీ మీద ఒకేసారి ఆవలించారు. గదిలో మిషన్ల గుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏమీ అనవేంటమ్మా?" అంది కూతురు.

అంటూ ఉండగానే ఆమెకు చిన్నప్పుడు తల్లి గుడ్డులో గుండె చూపించిన, నల్ల దుప్పటి వెనకాల గది గుర్తొచ్చింది. లైటత్త లేచి దగ్గరకు వచ్చి, పెద్దదాన్ని చూసింది, చిన్నదాన్ని చూసింది, తర్వాత చాలాసేపు కూతుర్ని చూసింది. ముగ్గురి గురించీ ఒక్క మాట కూడా అనలేదు.